జావ కొట్టులో మిగిలినవాడు

‘మూడో కిటికీ’ సీరియల్ : పద్నాలుగో భాగం

శుక్రవారం మధ్యాహ్నం బాస్ సెల్మో ఆఫీసు గరాజులో బట్టలుతికే సెపా పకపకా నవ్వింది. పోయినవారం కథ అక్కడే ఆగింది.

ఆ నవ్వు ఎంత ఖరీదైనదో తెలియాలంటే ఆ గరాజు సంగతి తెలియాలి. ప్రతి డిసెంబరు పండుగకీ ఒక ‘మూడు కిటికీలు’ సినిమా వదలడం బాస్ సెల్మోకి అలవాటు. ఒకే టిక్కెట్టు, మూడు దయ్యం కథలు, ముగ్గురు దర్శకులు. ఇప్పుడు తయారవుతున్నది ఎనిమిదోది. మనీలా హాళ్లకి పంపేముందు ఆయన గరాజులో బెంచీలు వేయించి సెపానీ, వంటమ్మలనీ, డ్రైవర్లనీ కూర్చోబెట్టి చూపిస్తాడు. దర్శకుల్ని మాత్రం గడప తొక్కనివ్వడు. తాను తెర చూడడు, బెంచీల కింద కాళ్లు చూస్తాడు. భయమేస్తే కాళ్లు వాటంతటవే బెంచీ మీదికి ముడుచుకుంటాయని ఆయన సిద్ధాంతం.

ఈసారి మొదటి కథకి సగం కాళ్లు లేచాయి. అమిహాన్ అనే కొత్త పిల్ల తీసిన రెండో కథకి నేలమీద ఒక్క పాదం మిగల్లేదు. మూడోది తెర్యోది. పాతికేళ్లుగా పరిశ్రమంతా నిలబడి నమస్కారం పెట్టే దర్శకుడు తెర్యో. అది మొదలైన పావుగంటకి లేచిన కాళ్లన్నీ ఒక్కొక్కటే కిందికి దిగాయి. సెపా అయితే చెప్పులు వెతికి తొడుక్కుని మరీ నవ్వింది.

“చావింటి నుంచి వస్తూ దారిలో ఆగి జావ తాగారు కదయ్యా! ఇంక ఆ చచ్చినాయన వెనకాల ఇంటిదాకా ఎలా వస్తాడు? ఆ కొట్టులోనే కూర్చునుంటాడు పాపం. ఈమాత్రం తెలీదా ఈ సినిమా తీసినాయనకి?”

చావింటి నుంచి నేరుగా ఇంటికి పోతే చచ్చినవాళ్లు వెంటవస్తారనీ, దారిలో ఎక్కడైనా ఆగితే అక్కడే ఉండిపోతారనీ ఆ ఊరి నమ్మకం. బాస్ సెల్మో ఎడిటర్ లూనింగ్ వైపు తిరిగాడు. “తెర్యోది మధ్యకి మార్చు. ఆ పిల్లది ఆఖరికి. ఈ మాట నువ్వే వెళ్లి ఆయనకి చెప్పు. నువ్వు విషమిచ్చినా చక్కెర అడక్కుండా తాగుతాడు. రేపు ఐదింటికి ఫోన్ చేస్తా. పోస్టరు అచ్చుకి పోవాలి.”

శనివారం పొద్దున్న లూనింగ్ చేసిన మొదటి పని తేలికైనదే. అమిహాన్‌ని పిలిచి, “మూడో కిటికీ నీదే తల్లీ” అంది. అమిహాన్ కేకలు వెయ్యలేదు, గెంతలేదు. ఎడిటింగ్ గదిలో చక్రాల కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. మూడో కిటికీ అంటే ఏమిటో ఆ ఊళ్లో సినిమా మనిషి ఎవరికీ చెప్పనక్కర్లేదు. జనం ఇంటికి మోసుకెళ్లేది ఆఖరి కథనే. ఆ కథ తీసినవాళ్లకి మరుసటి ఏడాది పూర్తి సినిమా ఇవ్వడం బాస్ సెల్మో ఆనవాయితీ. అమిహాన్‌కి ఇరవై ఏడేళ్లు. ఆరేళ్లపాటు తెర్యో దగ్గర కాగితాలు మోసి, కాఫీలు కలిపి, ఇప్పటికి తన పేరు తెరమీద చూసుకోబోతోంది.

“మాట ఇస్తున్నావా అక్కా? తర్వాత మారదు కదా?” అంది చేతుల చాటునుంచే. ఆ పరిశ్రమలో ముప్పై దాటినవాళ్లకీ, ఇరవై దాటనివాళ్లకీ కూడా లూనింగ్ అక్కే.

“మాటే” అంది లూనింగ్.

రెండో పని బరువైనది. దానికి లూనింగ్ తెర్యో ఉండే మారికినా వెళ్లే జీప్నీ బండి ఎక్కింది.

దారిపొడుగునా ఇళ్లకి నక్షత్రాల దీపాలు అప్పుడే వేలాడుతున్నాయి. పక్కసీటులో ఒకామె ఒళ్లో లాన్సోనెస్ పళ్ల సంచీ పెట్టుకుని ఒక్కొక్కటే ఒలిచి తింటోంది. ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది, ఇంకొకటి వేసుకుని మొహం చిట్లించింది. ఆ పళ్లంతే, తొక్క తీసేదాకా ఏది తీపో ఏది పులుపో దేవుడికి కూడా తెలియదు. అయినా జనం కిలోలకి కిలోలు కొంటారు. ‘మూడు కిటికీల’కి కూడా అలాగే వస్తారు అనుకుంది లూనింగ్. ఏడు సినిమాలు, ఇరవై ఒక్క కథలు. అన్నీ తన చేతులమీదుగా వెళ్లినవే. వాటిలో తీపివి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆ మూడింటిలో ఒక్కటి బాగుంటే చాలు, జనం మిగతా రెండింటినీ క్షమించి మళ్లీ ఏడాది క్యూలో నిలబడతారు. ఇంత మంచి జనం ఇంకెక్కడ దొరుకుతారు?

తెర్యో ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. పోయిన వరద ఎంత ఎత్తు వచ్చిందో గోడమీద గీత ఇంకా చెప్తోంది. ఆయన వంటింట్లో ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయి ఆరు వారాలు. పచ్చ కళ్లద్దాలు పెట్టుకుని, పోయిన భార్య ఆప్రాన్ కట్టుకుని, మూకుడులో బెల్లం పాకంలో అరటిపళ్లు దొర్లిస్తున్నాడు.

“చెప్పులు విప్పి రా. నేల తుడిచాను” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

“నేనేనని ఎలా తెలిసింది దిరెక్?” సినిమావాళ్లు దర్శకుణ్ణి పిలిచే పిలుపు అది. ముప్పై ఏళ్లుగా ఆమె ఇంకోలా పిలవలేదు.

“గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అని ఇంతసేపు ఆలోచించేది నువ్వొక్కదానివే. ఎడిటర్లంతా ఇంతే. గడప దగ్గర కూడా ఎక్కడ కత్తిరించాలా అని చూస్తారు.”

లూనింగ్ నవ్వింది. చెప్పాల్సిన మాట నోటిచివర ఉంది గానీ పళ్లెం చేతికొచ్చింది. అరటిపండు పైన పాకం గాజులా పెళుసుగా ఉంది, లోపల మెత్తగా ఉంది. ఇద్దరూ చెరో రెండు తిన్నారు. ఆ తర్వాత ఎప్పటిలాగే పాత సినిమాల దగ్గరికి వెళ్లారు. ఇద్దరు పాత సైనికులు కలిస్తే యుద్ధాల్ని తవ్వుకున్నట్టు వాళ్లు ఆ ఏడు సినిమాలనీ తవ్వుకుంటారు.

“మొదటిదానిలో మూడూ మంచివే” అన్నాడు తెర్యో.

“రెండున్నర” అంది లూనింగ్. “బావి కథ ఆఖర్న సాగింది.”

“సాగింది, నిజమే. రెండోదానిలో నాది బాగుంది.”

“బాగుంది. మీ పక్కన పెట్టినవే బాలేవు. మూడోది...”

“మూడోదాని సంగతి వద్దు. తినేటప్పుడు వద్దు.”

“ఐదోదాంట్లో జెర్రి?”

“జెర్రి చేసిన పాపమేముంది? దానికి కట్టిన తీగలు కనిపించాయి, అంతే.”

“కనిపించినన్ని తీగలు నేను కత్తిరించాను.”

“ఇంకా కత్తిరిస్తే జెర్రే కిందపడేది.” తెర్యో వేళ్లకంటిన పాకం నాక్కున్నాడు. “ఆరోదానిలో ఆసుపత్రి కథ ఉంది చూడు, అది మన సినిమాలన్నిటిలోకీ గొప్పది. దాన్ని తీసుకెళ్లి మధ్యలో పడేశాడు సెల్మో. జనం వేరుశెనక్కాయలు కొనుక్కోడానికి లేచే టైములో! అది తీసిన కుర్రాడు ఇప్పుడు సబ్బుల ప్రకటనలు తీస్తున్నాడు. మొదటి సినిమా మనం తియ్యాలని తీశాం లూనింగ్. రెండోది ఆడింది కాబట్టి తీశాం. ఆ తర్వాతవన్నీ డిసెంబరు వచ్చింది కాబట్టి తీశాం.”

మధ్య కథ సంగతి ఆయన నోటే వచ్చింది. ఇంతకన్నా మంచి సందు దొరకదని లూనింగ్‌కి తెలిసింది. పళ్లెం కింద పెట్టింది.

“దిరెక్, ఈసారి మీ కథ మధ్యలోకి వెళ్తోంది.”

తెర్యో పొయ్యి కట్టేశాడు. మూకుడు దించాడు. గరిటె కడిగి కొక్కేనికి తగిలించాడు.

“ఎవరి మాట?”

“బాస్‌దే. కానీ నాదీ అదే మాట. నిన్న గరాజులో జనం నవ్వారు.”

“నవ్వారా?”

“చావింటి నుంచి వచ్చేవాళ్లు దారిలో ఆగి జావ తాగారు కదా, దయ్యాన్ని అక్కడే దులిపేసుకున్నట్టే కదా, ఇంక ఇంట్లో గిన్నెలు కదిలించేదెవరు అంది సెపా. ఆ మాటతో గరాజంతా గొల్లుమంది. ఆ జావ దుకాణాలవాళ్లతో బాస్‌కి ఒప్పందం ఉందనీ, వాళ్ల కొట్టు తెరమీద కనిపించాలనీ నాకు తెలుసు. కానీ అదే చోట, చావింటి తర్వాతే ఎందుకు పెట్టారు? పెళ్లినుంచి వస్తూ తాగించొచ్చు. మామూలుగా ఆకలేసి తాగించొచ్చు. పసిపిల్లలకి కూడా తెలిసిన ఆచారం మీరెలా మర్చిపోయారు?”

తెర్యో కళ్లద్దాలు తీసి ఆప్రాన్‌తో తుడిచాడు. ఆపరేషన్ అయిన కన్ను ఇంకా కొంచెం ఎర్రగానే ఉంది.

“సెపాకి తెలిసింది. మరి నీకు?”

“నాకూ తెలిసింది.”

“ఎప్పుడు?”

అబద్ధం చెప్పడం లూనింగ్‌కి రాదు, ముఖ్యంగా ఈయన ముందు. “మొదటిసారి అతికించినప్పుడే. నెల్లాళ్ల కిందట.”

“నెల్లాళ్లు! మరి నాకు ఫోన్ చెయ్యలేదేం?”

“మీ కన్ను...”

“కన్నుకే కదా ఆపరేషన్ అయింది, చెవికి కాదుగా?”

“మీకు వయసు మీదపడిందనుకున్నాను” అంది లూనింగ్. మాట బయటికొచ్చాక అది ఎంత చిన్నమాటో ఆమెకి తెలిసింది. “బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.”

తెర్యో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపం కనిపించలేదు. అంతకన్నా కష్టమైనదేదో ఆయన మొహంలో కనిపించింది.

“జాలిపడ్డావన్నమాట. రెండో సినిమాకి నువ్వు అందరి ముందూ ఏమన్నావో గుర్తుందా? ‘దిరెక్, ఈ సీను తీసినప్పుడు మీరు మేలుకునే ఉన్నారా?’ అన్నావు. ఆ రాత్రంతా నిన్ను తిట్టుకుని పొద్దున్నే వెళ్లి మళ్లీ తీశాను. ఆ సీనే ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. మొహంమీద తిట్టే మనిషి ఒక్కతి ఉంటే చాలు, దర్శకుడు బతికిపోతాడు. ఆ ఒక్కతీ జాలిపడటం మొదలెడితే ఇంక సబ్బులే.”

లూనింగ్ తలదించుకుంది. ఇరవై నాలుగు కథల్లో ఎవరి తప్పునీ వదలని మనిషి ఆమె. షాటులో గ్లాసు ఎడంచేతి నుంచి కుడిచేతికి మారితే నిద్రపోయేది కాదు. ఇంత పెద్ద తప్పుని చూసీ చూడనట్టు ఊరుకోవడం తన జీవితంలో మొదటిసారని ఇప్పుడు అర్థమైంది.

“తప్పు నాదే దిరెక్. అప్పుడే అడగాల్సింది.”

“సరే. ఇప్పుడు అడుగు.”

“ఎందుకు మర్చిపోయారు?”

“మర్చిపోలేదు. ఆఖరి ఎనిమిది నిమిషాలు చూశాక కూడా ఈ ప్రశ్న అడుగుతున్నావేంటి?”

“ఏ ఎనిమిది నిమిషాలు?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఆవిడ మళ్లీ ఆ కొట్టుకి వెళ్తుంది కదా, ఆ ఎనిమిది నిమిషాలు” అన్నాడు తెర్యో నెమ్మదిగా. “బాస్ మేనల్లుడు బోయెత్‌కి టేపులు నేనే చేత్తో ఇచ్చాను. ఆరు టేపులు.”

“నాకు ఐదే వచ్చాయి. ఇంట్లో గిన్నెలు కదులుతాయి, ఆవిడ కెవ్వుమంటుంది, అయిపోయింది. ‘దిరెక్ ఇంతే తీశారు, వాన ఆపేసింది’ అన్నాడు బోయెత్.”

“వాన పడిన మాట నిజమే. వాన ఆగాలని మొక్కుకుని క్లారమ్మ మఠానికి మూడు డజన్ల గుడ్లు పంపినా ఆగలేదు. ఆ వానలోనే తీశాను.” తెర్యో లేచాడు. అలమారులో పెళ్లి ఫోటో వెనక చెయ్యిపెట్టి ఒక డిస్కు తీశాడు. “కెమెరా కుర్రాడు నాకోసం కాపీ చేసిచ్చాడు. కూర్చో. ఆ సోఫామీద కాదు, స్ప్రింగు గుచ్చుతుంది. ఇటు.”

టీవీలో బొమ్మ పడింది.

భర్తని పూడ్చిన నెలకి ఆ విధవ ఒక్కతే ఇంట్లో ఉంది. గిన్నె చప్పుడైతే ఉలిక్కిపడి వంటింట్లోకి పరుగెత్తింది. ఎలుక. తలుపు కొట్టుకుంటే పరుగెత్తింది. గాలి. ప్రతిసారీ ఆమె మొహంలో కనిపించింది భయం కాదు, ఆశ. లూనింగ్ అతికించిన ఐదు టేపుల్లోనూ ఆ మొహం ఉంది. దాన్ని భయమనే అనుకుని ఆమె వరుస పెట్టింది. ఆ ఒక్క సంగతి అర్థమయ్యేసరికి ఎనభై షాట్లు ఆమె కళ్లముందు వాటంతటవే చోట్లు మారిపోయాయి.

ఆ విధవ గొడుగు తీసుకుని వానలో బయల్దేరింది. జావ కొట్టుకి వెళ్లింది. మూల బల్ల దగ్గర భర్త కూర్చుని ఉన్నాడు, చావింటి రోజు వేసిన తెల్లచొక్కాతోనే. ఎదురుగా చల్లారి తొరక కట్టిన గిన్నె. “నన్ను ఇక్కడ వదిలేసి వెళ్లావేంటే?” అన్నాడు, కోపం లేకుండా. “అందరూ అలాగే చెయ్యమన్నారు” అందామె. కాసేపు ఇద్దరూ అల్లం ముక్కల గురించీ, ఇంటి కప్పు కారడం గురించీ మాట్లాడుకున్నారు. తర్వాత ఆమె చెయ్యి చాచింది. “పద, ఇంటికి పోదాం.”

ఆయన లేచాడు. పక్కబల్ల దగ్గర ఒక ముసలామె కూడా లేచింది. దాని వెనక బల్ల దగ్గర స్కూలు బట్టల పిల్ల లేచింది. కొట్టంతా కుర్చీల కాళ్లు నేలమీద రాసుకున్న చప్పుడు. ఎన్నేళ్లుగానో ఎందరి కుటుంబాలో అక్కడ దులిపేసుకుని వెళ్లిన చచ్చినవాళ్లంతా, చల్లారిన గిన్నెలు చేతపట్టుకుని, ఆ విధవ వైపు ఒక్కో అడుగు వేశారు. ఎవరో ఒకరు ఇంటికి రమ్మని పిలుస్తారని కాచుక్కూర్చున్నవాళ్లు.

“కాళ్లు దించు. కుర్చీ పాతది” అన్నాడు తెర్యో.

లూనింగ్ చూసుకుంది. రెండు కాళ్లూ ఎప్పుడు ముడుచుకుందో తనకే తెలియలేదు. ఏడు సినిమాలు కోసిన మనిషి, దయ్యాలకి పౌడరు ఎక్కడ రాస్తారో తెలిసిన మనిషి. సిగ్గుపడి దించి, కళ్లు తుడుచుకుంది.

“దీన్ని ఆ జావ కంపెనీవాళ్లు ఎలా ఒప్పుకుంటారు?” అంది.

“ఒప్పుకోరు. అందుకే బోయెత్ దాచేశాడు. వాళ్ల కొట్టునిండా శవాలని కూర్చోబెడితే ఎవరొస్తారు జావకి?” తెర్యో చిన్నగా నవ్వాడు. “కొట్టు కనిపించాలన్నారు, కనిపించేలా తీశాను. ఎలా కనిపించాలో చెప్పలేదు మరి.” పచ్చ కళ్లద్దాలు మళ్లీ తగిలించుకున్నాడు. “మా ఆవిడ పోయినప్పుడు పిల్లలు నన్నూ అలాగే జావ కొట్టు దగ్గర ఆపారు. రెండు గిన్నెలు తాగాను. బాగుంది కూడాను. అప్పటినుంచి ఈ ఇంట్లో చిన్న చప్పుడు లేదు లూనింగ్. రెండేళ్లు. ఒక గిన్నె అయినా కదలదు.”

లూనింగ్ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. వీధిలో ఐస్‌క్రీమ్ బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్లాడు. ఒక మంచి పని ఎదురుగా కనిపించినప్పుడు మనసులో పుట్టే నెమ్మది ఆమెని నిండా ఆవరించింది. ఎనిమిది సినిమాల్లో ఇలాంటిది ఒక్కటి దొరికితే, ఆ జెర్రికీ తీగలకీ కూడా దణ్ణం పెట్టొచ్చు.

“కంపెనీవాళ్లతో బాస్ పడతాడు. దీన్ని చూశాక వదలడు. ఆరో టేపు నాకిచ్చి మూడు రోజులు టైమివ్వండి, మొత్తం విప్పి మళ్లీ కడతాను” అంది. “ఇది మధ్యలో పెట్టే కథ కాదు దిరెక్. దీని తర్వాత ఇంకేదీ నిలబడదు. మూడో కిటికీ ఇదే.”

అంతా అనేశాక పొద్దున్న తాను ఏమందో గుర్తొచ్చింది.

చక్రాల కుర్చీ, మొహం కప్పుకున్న రెండు చేతులు గుర్తొచ్చాయి. గోడమీద గడియారం చూసింది. నాలుగూ ముప్పై ఐదు. ఐదింటికి బాస్ ఫోన్ చేస్తాడు.

“లోపలికి రావచ్చా దిరెక్?”

దోమతెర తలుపు అవతల అమిహాన్ నిలబడి ఉంది. చేతిలో అరిటాకు పరిచి కాల్చిన బియ్యప్పిండి కేకు, ఇంకా వేడి చల్లారలేదు. ఎంతసేపట్నుంచి నిలబడిందో టీవీ వెలుగు పడుతున్న ఆమె మొహం చెప్పలేదు. లోపలికొచ్చి తెర్యో చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. లూనింగ్‌కీ అలాగే చేసింది.

“దీవించండి దిరెక్. మీ దగ్గర నేర్చుకున్నదానికి...” అని ఆగిపోయింది.

“మంచి టైముకి వచ్చావే పిల్లా!” తెర్యో సంబరంగా కుర్చీ జరిపాడు. “కూర్చో. నా కథ సగం తెగిపోయి వెళ్లిందట. ఈవిడ ఇప్పుడే పూర్తిగా చూసింది. అరటిపండు తిను. నువ్వు కూడా చూసి చెప్పు, మొదట్నుంచి వేస్తాను.”

“సగం నుంచి చూశాను దిరెక్, తలుపు దగ్గర నిలబడి.” అమిహాన్ కేకు బల్లమీద పెట్టింది, మెల్లగా, అరిటాకు అంచు సరిచేసి మరీ. “చాలా బాగుంది. ఆ కుర్చీల చప్పుడుకి నా ఒళ్లు జలదరించింది.”

“చూశావా! ఆ చప్పుడు విడిగా రికార్డు చేశాను. పద్దెనిమిది కుర్చీలు!” ఆయన రిమోటు అందుకున్నాడు.

“దిరెక్, ఒక్క నిమిషం వెయ్యకండి.” అమిహాన్ లూనింగ్ వైపు తిరిగింది. గొంతులో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఆరేళ్లపాటు ఈ ఇంట్లో పని నేర్చుకున్న పిల్ల, ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో ఎరిగిన పిల్ల. “అక్కా, మొదట్నుంచి చూస్తే నేనే ఒప్పుకుంటానేమో. అందుకని చూడకముందే అడుగుతున్నాను. పొద్దున్న నాకిచ్చింది మాటేనా, కాదా?”

తెర్యో వేలు రిమోటు మీదే ఆగిపోయింది. పచ్చ కళ్లద్దాల పైనుంచి ముందు ఆ పిల్లని చూశాడు. తర్వాత ముప్పై ఏళ్ల స్నేహితురాలిని చూశాడు.

“ఏం మాట, లూనింగ్?” అన్నాడు.